సగం కొండ దిగిన దేవుడు

"ఉగాది సంచికకు మీరు ఏదో ఒకటి రాయాల్సిందే, పోయినేడు కూడా తప్పించుకున్నారు" అని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు నేను మిష్రిఫ్ నడకదారి మీద ఉన్నాను. ఆయాసంతో మాట రాక "ఊ" అన్నాను. దాన్ని ఆయన ఒప్పుకోలు కింద రాసేసుకున్నారు. కాబట్టి ఇందులో తప్పులేమైనా ఉంటే సగం బాధ్యత ఆయాసానిది!

అరవై దాటిన ఈ వయసులో నాకు నడక పిచ్చి ఎందుకు పట్టుకుందని ఇంట్లోనూ బయటా చాలామంది అడిగారు. దానికి జవాబు చెబితే వ్యాసం అదే అయిపోతుంది.

మిష్రిఫ్‌లో ఉండేవాళ్ళకు కొండ అనే మాటతో పని లేదు. ఆరో రింగు రోడ్డు మొదలుకొని మా వీధి చివర జమియా దాకా నేలంతా చపాతీ కర్రతో ఒత్తినట్టు ఉంటుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు కొండ అంటే జహ్రా దాటాక ముత్లా దగ్గర కనిపించే గుట్టే. దాన్ని చూపించి "అదిగో కొండ" అనడానికి నాకు నోరు రాదు. ఒకసారి మా మనవరాలు "తాతా, కొండకి లిఫ్టు ఉంటుందా?" అని అడిగింది. నవ్వాను గాని, ఆ ప్రశ్న నాకూ పనికొచ్చే రోజు వస్తుందని అప్పుడు తెలియదు.

మాది నరసరావుపేట పక్క పల్లె. మా ఊళ్ళో ఏ వీధిలో నిలబడ్డా కోటప్పకొండ కనిపిస్తుంది. దాని అసలు పేరు త్రికూటాద్రి. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు. ఏ దిక్కునుంచి చూసినా మూడూ కనిపిస్తాయని మావాళ్ళ గర్వం. ఎత్తు 1587 అడుగులంటారు. జనం వెళ్ళి దర్శనం చేసుకునే త్రికోటేశ్వరస్వామి గుడి అంత పైన లేదు, బ్రహ్మ శిఖరం మీద సుమారు 600 అడుగుల ఎత్తున ఉంది. అన్నిటికంటే పైన, రుద్ర శిఖరం మీద పాత కోటేశ్వరుడు ఉన్నాడు. అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ. దేవుడు పైనుంచి కిందికి ఎందుకు వచ్చాడు, వచ్చినవాడు పూర్తిగా కిందికి రాకుండా మధ్యలో ఎందుకు ఆగాడు అన్నదే ఈ కొండ కథ. ఆ కొండ నీడన పెరిగి కూడా దాన్ని నేను సరిగ్గా వినలేదు. శివరాత్రికి మాకు తెలిసిందల్లా ప్రభలు, చెరుకు గడలు, తిరునాళ్ళలో తప్పిపోవడం. కావూరు ప్రభ ఎత్తా, పురుషోత్తమపట్నం ప్రభ ఎత్తా అని బళ్ళో కొట్టుకునేవాళ్ళం. ఎనభై, తొంభై అడుగుల ప్రభ కరెంటు దీపాలతో ఊగుతూ చేలకడ్డంగా నడిచొస్తుంటే, దాని వెనక ఉన్న కథ ఏ పిల్లాడికి కావాలి?

సరే, మొక్కు సంగతికొస్తాను.

నేను కువైత్ వచ్చింది 1987లో. అప్పట్లో హవల్లీలో ఒక గదిలో ఐదుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. 1990 ఆగస్టు 2వ తేదీ గురువారం తెల్లవారుజామున ఏం జరిగిందో ఈ సంచిక చదివే పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పిల్లలు మాత్రం అడిగి తెలుసుకోవాలి. టెలిఫోన్లు పోయాయి. ఉత్తరాల్లేవు. ఆగస్టు చివర్లో దొరికిన బస్సెక్కి బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దుకు చేరాం. ఎడారిలో గుడారాల కింద రోజులు లెక్కపెట్టి, సెప్టెంబరు మధ్యలో అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి చేరాను. ఆ రెండు నెలల్లో 488 విమానాల్లో లక్షా డెబ్బై వేలమందికి పైగా మనవాళ్ళను దాటించారని తరవాత చదివాం. 2016లో దీని మీద హిందీ సినిమా కూడా వచ్చింది. అందులో ఉన్నంత వీరత్వం మా బస్సులో లేదు. ఈగలు మాత్రం ఉన్నాయి.

బొంబాయిలో దిగి నేనిచ్చిన టెలిగ్రాము అందేదాకా, నలభై అయిదు రోజులు, మా ఇంట్లోవాళ్ళకు నేను ఉన్నానో లేనో తెలియదు. నాన్న రేడియో పక్కనే కూర్చునేవారట. అమ్మ అలా కూర్చోలేకపోయింది. ఆగస్టులో మిగిలిన మూడు శ్రావణ సోమవారాలూ తెల్లారకముందే లేచి, మా ఊరినుంచి కొండకు కాలినడకన పోయి, మెట్లెక్కి స్వామికి మొక్కి వచ్చింది. అప్పటికింకా ఘాట్ రోడ్డు లేదు. ఆ మొక్కేమిటంటే, బిడ్డ ప్రాణాలతో వస్తే తనూ బిడ్డా కలిసి మెట్లెక్కి వస్తామని, గొల్లభామకు చీర పెడతామని.

నేను ప్రాణాలతోనే వచ్చాను. పచ్చకామెర్లతో వచ్చాను. మూడు నెలలు మంచం. లేచేసరికి కువైత్ విముక్తి కబురు, ఆ తరవాత పాత కంపెనీ నుంచి పిలుపు. "వచ్చే సెలవుకు ఎక్కుదాం లేమ్మా" అని చెప్పి 1991 చివర్లో మళ్ళీ వచ్చేశాను.

మనందరికీ తెలిసిన సంగతే, "వచ్చే సెలవు" అనేది ఒక వింత జంతువు. 1992 సెలవులో నా పెళ్ళి. 1994లో చెల్లెలి పెళ్ళి. ఇంకోసారి ఇంటి స్లాబు. మరోసారి నాన్నకు కంటి ఆపరేషను. ముప్పై రోజుల్లో ఇరవై రోజులు బంధువుల ఇళ్ళకు సెంటు సీసాలు పంచడానికే పోయేవి. 1999లో కొండకు ఘాట్ రోడ్డు పడింది. 2001లో కారు మాట్లాడి అందరం పైకి వెళ్ళాం. దర్శనమైంది, ప్రసాదం తిన్నాం. "ఇంకేం, మొక్కు తీరిపోయింది" అన్నాను. అమ్మ కారు దిగకుండానే అంది: "ఇది దర్శనంరా. మొక్కు కాదు."

ఆ తరవాత ఆమె ఎప్పుడూ గుర్తు చేయలేదు. నేనూ మరిచాను. 2006లో నాన్న పోయారు. 2020 మార్చిలో సెలవు పెట్టుకుంటే విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడే అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నేను వెళ్ళలేకపోయాను. చెల్లెలు ఫోను కెమెరా తిప్పి చూపిస్తే ఇక్కణ్ణుంచి చూశాను.

2021లో మా మిష్రిఫ్ ఎగ్జిబిషన్ హాలుకు టీకా కోసం వెళ్ళాను. మనలో చాలామంది ఆ హాల్లోనే వేయించుకున్నారు కదా! నవంబరులో పుస్తకాల పండగకు తిరిగే ఆవరణలో అడుగడుగు దూరంలో గుర్తులు గీసి, మాటాపలుకూ లేకుండా వందలమందిని నిలబెట్టారు. ఆ వరసలో నిలబడ్డప్పుడు ఎందుకో జోర్డాను సరిహద్దులో రొట్టెల వరస జ్ఞాపకం వచ్చింది. ఆ వెనకనే అమ్మ మొక్కు. ముప్పై ఒక్క ఏళ్ళు! అప్పుడు లెక్క వేసుకున్నాను. నాకు మెట్లెక్కే కాళ్ళు ఇంకా కొన్నాళ్ళుంటాయేమో. అమ్మకు అప్పటికే లేవు.

నిజం చెప్పాలంటే ఆ తరవాత కూడా మూడేళ్ళు గడిపేశాను. మోకాలి నొప్పి ఒక సాకు. చివరికి మొన్న సంక్రాంతికి వస్తున్నానని చెప్పేశాను. చెప్పాక భయం వేసింది. వెయ్యి మెట్లంటే మాటలా? అందుకే ఆరు నెలలు ముందునుంచి మన నడకదారి పట్టుకున్నాను. చదును నేల మీద కొండెక్కడం సాధన చేసిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. అది చాలదని మా విల్లా మెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగేవాణ్ణి. కాపలా ఉండే హారిస్ నా తల దెబ్బతిన్నదని అనుకున్నాడు.

భోగి ముందురోజు పొద్దున్నే బయలుదేరాం. అమ్మ, నేను, కారు నడపడానికి మేనల్లుడు. నరసరావుపేట మీదుగా పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. దారి పొడుగునా పత్తి చేలు, మిరప తోటలు. ఈ పేట పేరు అక్కడి జమీందారీ మల్రాజు వారిలో ఒకరి పేరు మీద వచ్చింది. కొండ మెట్లు కూడా ఆ వంశం వాళ్ళు కట్టించినవే అంటారు. పేట అసలు పేరు అట్లూరు అంటే మా మేనల్లుడు నమ్మలేదు. ఫోనులో చూసుకుని నమ్మాడు.

మెట్ల మొదట్లో కారాపాం. ఎనభై నాలుగేళ్ళ అమ్మ చేతికర్రతో దిగింది. ఇంటి దగ్గర అనుకున్న ప్రకారం ఆమె కారులో పైకి పోవాలి, నేను మెట్లెక్కి రావాలి. ఆమె మాత్రం పక్కనున్న టీ బంకు బల్ల మీద కూర్చుని, "ఎక్కబోయే ముందు కథ వినిపో. ఎవరి కొండ ఎక్కుతున్నావో తెలవాలిగా" అంది. మేనల్లుడు గడియారం చూసుకున్నాడు. "నువ్వు కూడా కూచోరా" అంది.

ఆమె చెప్పినట్టే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

"కొండ కింద కొండకావూరు ఉందిగా, అక్కడ సునందుడనే గొల్లాయన. ఆయన కూతురు ఆనందవల్లి. ఈడొచ్చిన పిల్ల, పెళ్ళి మాటెత్తనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే ఓంకారనదిలో తానం చేసి, పాలూ నీళ్ళూ తీసుకుని రుద్ర శిఖరం దాకా ఎక్కేది. అక్కడ దక్షిణామూర్తి స్వామి తపస్సులో ఉండేవాడు. జంగమయ్య రూపంలో కనపడేవాడు. యల్లమంద సాలంకయ్య ఆ జంగమయ్య కోసం కొండంతా ఎతికాడంట. ఆయనకు కనపళ్ళా. ఈ పిల్లకు రోజూ కనపడ్డాడు."

"ఎందుకని అమ్మమ్మా?" అన్నాడు మేనల్లుడు.

"ఆయన ఎతికాడు. ఈ పిల్ల వెళ్ళింది. అంతే."

ఒకసారి ఆనందవల్లి అభిషేకానికి బిందెతో నీళ్ళు తీసుకుపోతుంటే కాకి వాలి బిందె ఒలకబోసిందట. కోపమొచ్చి, ఈ కొండమీద కాకి వాలకుండా పోవాలని శపించిందట. అందుకే ఇప్పటికీ కోటప్పకొండ మీద కాకి వాలదని మా ప్రాంతంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

"ఎండాకాలం వచ్చినా పిల్ల మానలేదు. స్వామికే జాలేసింది. నీ భక్తి చాలమ్మా, ఇంటికి పోయి సంసారం చేసుకో అన్నాడు. ఇనలా. అట్టా అయినా మానుద్దని, పెళ్ళి కాని పిల్లకు కడుపొచ్చేటట్టు చేశాడు. ఊరు ఏమనిందో నేను చెప్పాలా? అయినా మానలా. నెలలు నిండుతుంటే కూడా అదే కొండ, అవే నీళ్ళు. ఇహ ఎక్కలేని రోజొచ్చాక అడిగింది, 'సామీ, నేను రాలేను. నువ్వే మా ఇంటికి రా' అని. సరే, నువ్వు ముందు నడువు, నీ ఎనకాల వస్తా. ఎనక్కి తిరిగి చూశావా, చూసిన చోటే ఆగిపోతా అన్నాడు."

ఇక్కడ అమ్మ ఆగి టీ తాగింది. చల్లారిపోయిందని బంకు అబ్బాయిని మందలించింది కూడా.

"ఆమె ముందు, ఆయన ఎనక. ఆయన అడుగు పడ్డప్పుడల్లా కొండ పగిలినంత చప్పుడు. బెమ్మ శిఖరం దాకా వచ్చారు. ఆమె తట్టుకోలేక తిరిగి చూసింది. అంతే, స్వామి అక్కడున్న గుహలోకి పోయి లింగమైపోయాడు. తన కడుపు కూడా ఆయన పెట్టిన పరీక్షేనని అప్పుడు తెలిసింది పిల్లకు. ఆమె కూడా స్వామిలోనే కలిసిపోయింది. సాలంకయ్య వచ్చి గుడి కట్టించాడు. అందుకే ముందు గొల్లభామను చూసి, తరవాతే స్వామిని చూడాల."

మేనల్లుడు "పాపం, ఒక్కసారి చూడకుండా ఉంటే సరిపోయేది" అన్నాడు.

అమ్మ వాడి వంక జాలిగా చూసింది. "చూడకపోతే స్వామి కొండకావూరులో వాళ్ళింట్లో ఉండేవాడు. వాళ్ళింటి దేవుడయ్యేవాడు. చూసింది గనక ఇక్కడ ఆగాడు. రుద్ర శిఖరం ఎక్కలేని ముసలీముతకకు అందాడు. ఆమె ఇంటికి ఆయన్ను పోగొట్టుకుంది, మనకు దొరికాడు."

ఇది ఏ స్థలపురాణంలోనైనా ఉందో, మా అమ్మ సొంత వ్యాఖ్యానమో నేను అడగలేదు.

వెనక్కి తిరిగి చూడకూడదన్న కథలు చాలాచోట్ల ఉన్నాయి. బృందావనం నుంచి సాక్ష్యం చెప్పడానికి నడిచొచ్చిన సాక్షిగోపాలుడి కథ అదే. భక్తుడు తిరిగి చూసిన చోట స్వామి ఆగిపోయాడు. గ్రీకుల కథలో ఆర్ఫియస్ చనిపోయిన భార్యను పాతాళం నుంచి తెచ్చుకుంటూ చివరి అడుగులో తిరిగి చూసి పోగొట్టుకున్నాడు. మిష్రిఫ్ తిరిగొచ్చాక ప్రసాదం ఇస్తూ మా విల్లా యజమానికి ఈ కథ చెప్పాను. డెబ్బై దాటిన పెద్దాయన. నా వచ్చీరాని అరబీకి తన వచ్చీరాని హిందీ కలిపి ఓపికగా విన్నాడు. "మా నబీ లూత్ కథలోనూ ఉంది, ఊరు విడిచిపోయేటప్పుడు ఎవరూ వెనక్కి చూడొద్దని ఆజ్ఞ" అన్నాడు. కాసేపు ఊరుకుని, 1990లో తాము రాత్రికి రాత్రి కార్లలో సౌదీ వైపు వెళ్ళిపోయిన సంగతి చెప్పాడు. వాళ్ళమ్మ వెనక సీట్లో మోకాళ్ళ మీద తిరిగి కూర్చుని, సరిహద్దు దాకా ఇంటి వైపే చూస్తూ వచ్చిందట. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే ప్రహరీలో ఉంటున్నాం గాని, ఆ రాత్రి గురించి ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

మళ్ళీ కొండ దగ్గరికి.

నేను మొదటి మెట్టుకు దండం పెట్టుకోబోతుంటే అమ్మ చేతికర్ర మేనల్లుడికిచ్చి నా భుజం పట్టుకుంది. "ఇద్దరం కలిసి అన్నాగా" అంది. డాక్టరు ఒద్దన్న సంగతి గుర్తు చేశాను. "మూడే" అంది. మూడు మెట్లకు మాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక్కో మెట్టుకూ ఒక శిఖరం పేరు చెప్పింది. మూడోదాని మీద నిలబడి పైకి చూసి "చేదుకో కోటయ్యా" అని గట్టిగా అంది. చిన్నప్పటినుంచి శివరాత్రికి వేల గొంతుల్లో విన్న కేక అది. బావిలోంచి బొక్కెనను తాడుతో లాగడాన్ని మా వైపు చేదడమంటాం. నేను ఎక్కలేను, నువ్వే లాగు అనడమన్నమాట. అరవై ఏళ్ళు విన్న మాటకు అర్థం ఆ మూడో మెట్టు మీద తెలిసింది. ఆమెను దించి కారెక్కించి, నేను మళ్ళీ మొదలుపెట్టాను.

మెట్ల గురించి గొప్పలు చెప్పను. మొదటి రెండు వందలు మిష్రిఫ్ సాధన ఎక్కించింది. తరవాతవి కోటయ్య ఎక్కించాడు. మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఇద్దరు కోడళ్ళు వస్తున్నారు. వంగి లేచే వాళ్ళు కూడా నన్ను దాటిపోయారు. కాకి కోసం చూస్తూనే ఉన్నాను, నాకైతే ఒక్కటీ కనపడలేదు. ఆ లోటు కోతులు తీర్చాయి. నా చేతిలోని కొబ్బరికాయ సంచీని ఒకటి లాక్కుపోతే, చీర వేరే సంచీలో పెట్టమని చెప్పిన మా ఆవిడకు మనసులోనే దండం పెట్టాను.

సగం దారిలో కూర్చుండిపోయాను. మోకాలు ఇక రానంది. కింద చేలు, చెరువులు, దూరంగా పేట, ఈ పక్కన ఎక్కడో మా ఊరు. 1990లో నలభై తొమ్మిదేళ్ళ మనిషి మూడు సోమవారాలు ఇవే మెట్లెక్కింది. అంతకుముందు ఊరినుంచి నడిచొచ్చింది. దిగి మళ్ళీ నడిచి వెళ్ళి వంట చేసింది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఎక్కడికో పోయి కష్టపడ్డది నేనే అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. లేచాను.

స్వామి గుడికి ముందే, దిగువన గొల్లభామను దర్శించుకున్నాను. చిన్న గుడి. చీర సమర్పించాను. పైకి వచ్చేసరికి అమ్మ గుడి ముందు నీడలో కూర్చుని నాకోసం చూస్తోంది. "ముందు ఆమెకు పెట్టావా?" అన్నదే మొదటి మాట. ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళాం. ఇక్కడ స్వామి దక్షిణామూర్తి, తపస్సులో ఉన్నవాడు. అందుకే మిగతా శివాలయాల్లోలాగా కల్యాణోత్సవం ఉండదు. గర్భగుడి ముందు అమ్మ ఏమీ అడగలేదు. చేతులు కట్టుకుని, అప్పు తీర్చి రసీదు కోసం నిలబడ్డ మనిషిలాగా నిలబడింది.

బయటికొచ్చి అరిసె ప్రసాదం తింటున్నప్పుడు నేనే కదిపాను. "ఆ రోజుల్లో అంత దూరం ఎట్టా నడిచావమ్మా?"

దానికి ఆమె జవాబివ్వలేదు. వేరే సంగతి ఎత్తింది. 1987లో నేను పేట బస్టాండులో బొంబాయి ప్రయాణానికి బస్సెక్కిన రోజు.

"పోయేటప్పుడు ఎనక్కి తిరిగి చూడబాకరా, మంచిది కాదు అని నేనే చెప్పా నీకు."

జ్ఞాపకముంది. అలాగే చేశానన్నాను.

"అవును. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ వంకే చూశా. నువ్వు తిరగలేదు. నేనే చెప్పాగా! అయినా చూస్తావనుకున్నా."

అరిసె గొంతు దిగలేదు. ఆమె మామూలుగానే చెప్పుకుపోయింది. 1990లో మొదటి సోమవారం వచ్చినప్పుడు స్వామిని ఏమడగాలో తోచలేదట. గొల్లభామ దగ్గర మాత్రం నోరొచ్చిందట. "అమ్మా, నా బిడ్డను చూడొద్దన్నది నేనే. నువ్వు చూశావు, నీకు తెలుసు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. వాణ్ణి ఒక్కసారి ఇటు తిప్పు" అని అడిగిందట. మెట్లెక్కుతామన్నది స్వామి మొక్కు. చీర గొల్లభామది. ఈ రెండోదాని సంగతి నాన్నకు కూడా చెప్పలేదట.

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఉజ్జోగం మానేసి కూచుంటావేమోనని" అంది. తరవాత, "మానేవాడివి కాదులే" అని తనే నవ్వింది.

సెలవులో వెళ్ళాలనుకునే సభ్యులకు రెండు మాటలు. గుంటూరు నుంచి నరసరావుపేటకు రైలూ బస్సులూ ఉన్నాయి. పేట నుంచి కొండకు బస్సులు, ఆటోలు దొరుకుతాయి. 2022లో జిల్లాలు మారాక ఇది పల్నాడు జిల్లా, పేటే జిల్లా కేంద్రం. శివరాత్రికి వెళితే ప్రభలు చూడొచ్చు, కొండను చూడలేరు. అంత జనం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు మామూలు రోజుల్లో ఎండెక్కక ముందు మెట్లెక్కి, దిగేటప్పుడు ఘాట్ రోడ్డున రండి. దారిలో పెద్ద పెద్ద దేవతా విగ్రహాలు, పిల్లల పార్కు ఉన్నాయి. పెద్దవాళ్ళు బతికుండగా వెళ్ళండి. ఇది సలహా కాదు, నేను చేసిన ఆలస్యం చూసి చెబుతున్నాను.

నా సెలవు అయిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి కారొచ్చింది. అమ్మ చేతికర్రతో గుమ్మం దాకా వచ్చింది. ఈసారి ఏమీ చెప్పలేదు. సామాను సర్ది, చెల్లెలికి చెప్పి, కారెక్కాను. వీధి మలుపు దగ్గర మేనల్లుణ్ణి ఆపమని కారు దిగాను. గుమ్మం లైటు కింద అమ్మ అక్కడే నిలబడి ఉంది. అంత దూరానికి ఆమెకు కళ్ళు ఆనవు, నన్ను చూడలేదనుకున్నాను. చేతికర్ర పైకెత్తి ఊపింది.

"చూశావుగా, ఇంక పో, ఇమానం ఎళ్ళిపోద్ది!" అని వీధంతా లేచేట్టు కేకేసింది.